తల్లి పళ్లెం, ఇంటి వాకిలి, బిడ్డ పేగు

నిజామాబాదు నుండి బోధనుకు పోయే దారిలో ఎడపల్లి వస్తుంది. నీటికి కరువు లేని నేల అది. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగరు కాలువలు ఈ ప్రాంతాన్ని మాగాణిగా మార్చాయి. ఆ నీటిని చూసే 1937లో బోధను శక్కర్‌నగరులో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసింది. 2015 డిసెంబరులో అది మూతబడినా, చెరకు బండ్లు బారులుతీరిన ఆ రోజులు పెద్దలకు ఇంకా కళ్లముందే ఉన్నాయి. వరి, చెరకు, పసుపు పండే ఇటువంటి చోట పసిపిల్లలు ఎదగకుండా ఉండిపోతున్నారంటే నమ్మడం కష్టమే. కాని అంగన్‌వాడీలో తూకం రోజున ఒక గంట కూర్చున్నవారికి సంగతి తెలిసిపోతుంది.

ఆ గంటలో మనం చూడగల ఒక తల్లిని తలచుకుందాం. ఆమె పేరు ఏదైనా కావచ్చు. ఊరు ఎడపల్లి కావచ్చు, జానకంపేట కావచ్చు, మీ ఊరే కావచ్చు. బిడ్డకు పది నెలలు. నాలుగో నెల వరకు కార్డు మీద గీత చక్కగా పైకి పోయింది. ఆ తరువాత అడ్డంగా పడుకున్నది. బిడ్డకు జ్వరం లేదు, పెద్ద జబ్బు లేదు. వెంట వచ్చిన అవ్వ టీచరమ్మతో అంటుంది, "పాలు తాగుతడు, బువ్వ తింటడు. కాని తిన్నది ఒంటికి పడ్తలేదు బిడ్డా."

ఇంటికి పోయాక ఇరుగుపొరుగు తలా ఒక మాట చెబుతారు. ఒకరు దిష్టి అంటారు. ఒకరు పక్షిదోషం అంటారు. మరొకరు తల్లిపాలలో బలం లేదంటారు. చివరకు తప్పంతా ఆ చిన్నదాని మీదికే వస్తుంది. తాయెత్తుకు డబ్బు ఖర్చవుతుంది, డబ్బా పాలకు డబ్బు ఖర్చవుతుంది, గీత మాత్రం లేవదు.

ప్రియమైన తల్లులారా, తండ్రులారా, అవ్వ చెప్పిన ఆ ఒక్క మాట నూటికి నూరుపాళ్లు నిజం. తిన్నది ఒంటికి పట్టడం లేదు. ఎందుకు పట్టడం లేదో వైద్యులు అరవై ఏండ్లుగా వెతుకుతున్నారు. వారు తెలుసుకొన్న దానిలో ప్రతి కుటుంబానికి పనికివచ్చే సంగతులున్నాయి.

ఇది ఒక ఇంటి సమస్య కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేండ్లలోపు పిల్లలు నూటికి 33 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. అంతకు ముందు 2015–16లో జరిగిన సర్వేలో ఆ లెక్క 28. అంటే తగ్గవలసింది పెరిగింది. అదే సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా, అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మంది రక్తహీనులుగా తేలారు. తల్లి లెక్కను, బిడ్డ లెక్కను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే ఇంటివి.

పేగు లోపలి వేళ్లు

మన చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. మఖమలు గుడ్డలాగా లక్షలాది సన్నని మొలకలతో నిండి ఉంటుంది. వీటిని చూషకాలు అంటారు. ఆరోగ్యవంతుని పేగులో ఇవి చేతివేళ్లలాగా నిటారుగా నిలబడి ఉంటాయి. తిన్న అన్నంలోని సారాన్ని రక్తంలోకి పీల్చేవి ఇవే. వేళ్లు ఎన్ని ఉంటే, ఎంత పొడుగ్గా ఉంటే, పీల్చే చోటు అంత ఎక్కువ. వరి మొక్కకు వేరు ఎట్లాగో బిడ్డకు ఇవి అట్లాగు. వేరు చెడిన మొక్కకు ఎంత ఎరువు వేసినా ఏమి లాభం?

1960వ దశకంలో వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు మన దక్షిణ దేశపు ప్రజల పేగును పరీక్షించారు. జబ్బేమీ లేదనుకొన్న మామూలు మనుషులలో కూడా ఆ వేళ్లు పొట్టివై, వెడల్పై, ఆకుల్లాగా మారి ఉండడం వారు గమనించారు. ఇది మన జాతి లక్షణమేమో, పుట్టుకతోనే ఇట్లా ఉంటుందేమో అన్న అనుమానం వచ్చింది. అందువలన పుట్టకముందే చనిపోయిన శిశువుల పేగును కూడా చూశారు. అక్కడ వేళ్లు చక్కగా నిటారుగా ఉన్నాయి. పుట్టిన తరువాతనే మార్పు మొదలవుతున్నది.

అటు తూర్పు పాకిస్తానులో పని చేయడానికి వచ్చిన పాశ్చాత్యులలో కూడా కొన్ని నెలలకే ఇటువంటి మార్పు కనబడింది. వారు స్వదేశాలకు తిరిగి వెళ్లాక మెల్లగా సర్దుకున్నది. కనుక లోపం రక్తంలో లేదు, వంశంలో లేదు. బిడ్డ పుట్టి పడిన చోటిలో ఉన్నది. ఇందులో దుఃఖమూ ఉంది, ఆశ కూడా ఉంది. చోటు వలన వచ్చినది చోటును మారిస్తే పోవచ్చు గదా.

విరేచనాలు లేకపోయినా

మనం సాధారణంగా ఏమనుకుంటాం? బిడ్డకు నీళ్ల విరేచనాలైతేనే కడుపు చెడిందని, లేకపోతే బాగానే ఉందని అనుకుంటాం. ఇక్కడే పొరపాటు. రోజూ కొద్దికొద్దిగా మలంలోని క్రిములు నోట్లోకి పోతూ ఉంటే విరేచనాలు కాకుండానే పేగు దెబ్బ తింటుంది. గోడకు రోజూ చెమ్మ తగిలినట్లే. ఒక్కరోజులో కూలదు, కాని లోలోపల నాని పోతుంది.

అప్పుడు రెండు నష్టాలు జరుగుతాయి. మొదటిది, వేళ్లు పొట్టివైపోయి సారం పీల్చే శక్తి తగ్గుతుంది. రెండవది, పేగు గోడలోని కణాల మధ్య అతుకులు వదులవుతాయి. మంచి తడిక ఎలుకను ఆపినట్లు ఆరోగ్యమైన గోడ క్రిములను ఆపుతుంది. అతుకు వదిలితే క్రిముల ముక్కలు రక్తంలోకి జారుతాయి. శరీరం వాటితో ఎడతెగని పోరాటం చేస్తుంది. ఆ పోరాటానికి బలం కావాలి. ఎముక పెరగడానికి, మెదడు ఎదగడానికి పోవలసిన బలం అటు మళ్లుతుంది. ఆకలి మందగిస్తుంది. ఇట్లా లోపల వాపు ఉన్నప్పుడు పేగు ఇనుమును కూడా సరిగా తీసుకోదు. ఇనుము చుక్కలు పోసినా రక్తం పెరగలేదని తల్లులు చెప్పడానికి ఇదొక కారణం. నోటి ద్వారా వేసే టీకాలు కూడా ఇటువంటి పేగులో అనుకున్నంత బాగా పనిచేయవని పరిశోధకులు గుర్తించారు.

కథ తల్లి కడుపులోనే మొదలు

బిడ్డ పేగు గర్భంలోనే తయారవుతుంది. చివరి నెలల్లో అది బాగా పొడవు పెరుగుతుంది. ఆ నెలల్లో తల్లికి తిండి చాలకపోతే బిడ్డ బరువు తక్కువగా పుడతాడు. రెండున్నర కిలోలకంటె తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ పేగు కూడా లేతగా, రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుంది. మనం పైన చెప్పుకొన్న రోజువారీ దాడికి అటువంటి బిడ్డ తొందరగా లొంగిపోతాడు.

మన పల్లెల్లో గర్భిణి ఎట్లా తింటుందో ఒకసారి నిజాయితీగా చూద్దాం. ఇంట్లో అందరూ తిన్న తరువాత ఆమె తింటుంది. గిన్నెలో కూర అడుగంటి ఉంటుంది. గుడ్డు మగపిల్లవాడికి పోతుంది. "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అని పెద్దలు మెత్తగా ఆపుతారు. బిడ్డకు మేలు కోరే ఆపుతారు, కాని జరిగేది కీడు. తిండి తగ్గిస్తే కాన్పు సులువు కాదు, బిడ్డ బలహీనుడవుతాడు. ప్రసవమయ్యాక పథ్యం పేరిట మళ్లీ కారం మెతుకులు, ఎల్లిపాయ పొడి. పప్పు వద్దు, పండు వద్దు, ఆకుకూర వద్దు. పాలివ్వవలసిన తల్లికి మామూలు కంటె ఎక్కువ తిండి కావలసిన రోజులవి.

దీనికి తోడు మన జిల్లాలో బీడీలు చుట్టే ఇండ్లు ఎక్కువ. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కనే పసిబిడ్డ. నిండు నెలల్లో కూడా వంగి కూర్చుని లెక్క పూర్తి చేయవలసిందే. ఆకలి వేసినా లేవరు, లేస్తే లెక్క తగ్గుతుంది. తంబాకు దుమ్ము అంటిన చేతితోనే బిడ్డకు పాలిస్తారు, బువ్వ పెడతారు. పని మానమని చెప్పడం సులభం, కడుపు నిండే దారి చూపకుండా చెప్పడం న్యాయం కాదు. కాని చేతులు సబ్బుతో కడుక్కొని బిడ్డను ముట్టుకోవడం, చాటను బిడ్డ పక్కకు దూరంగా పెట్టడం, గర్భిణి చేసే లెక్కలో కొంత ఇంటివారు పంచుకోవడం మన చేతిలోనివే.

తల్లికి పెట్టిన తిండి వృథా పోదని చూపిన ఒక మంచి పరిశీలన మన తెలుగునాటనే జరిగింది. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపంలోని 29 పల్లెలను తీసుకున్నారు. వాటిలో 15 పల్లెల్లో అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయాలతో చేసిన ఉప్మా పెట్టారు. తల్లికి రోజుకు సుమారు 500 క్యాలరీలు అందేవి. మిగిలిన 14 పల్లెల్లో ఆ పథకం అప్పటికి రాలేదు. పుట్టినప్పుడు బరువులో కనిపించిన తేడా కొంచెమే. పదమూడు మొదలు పద్దెనిమిదేండ్ల వయసుకు ఆ పిల్లలు వచ్చాక జాతీయ పోషకాహార సంస్థవారు, ఇతర పరిశోధకులు మళ్లీ వెతికి కొలిచారు. 2008లో ఫలితం ప్రకటించారు. తిండి అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. వారి రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. పెద్దయ్యాక చక్కెర జబ్బుకు దారితీసే లక్షణాలు వారిలో తక్కువగా ఉన్నాయి.

14 మిల్లీమీటర్లు ఏపాటి అనవచ్చు. ఒక గిన్నెడు ఉప్మా పదిహేనేండ్ల తరువాత కూడా ఎముకలో, రక్తనాళంలో సాక్ష్యం చెప్పిందంటే అది చిన్న సంగతి కాదు.

ముర్రుపాలు మొదటి టీకా

ప్రసవమైన వెంటనే వచ్చే పసుపుపచ్చని చిక్కటి పాలను ముర్రుపాలంటారు. కొన్ని ఇండ్లలో వీటిని ఇప్పటికీ పిండి పారబోస్తారు. తేనె నాకిస్తారు, చక్కెర నీళ్లు పోస్తారు. దేవుడిచ్చిన మొదటి మందును మట్టిపాలు చేసి, బయటి క్రిమికి మొదటి ద్వారం తెరచినట్లవుతుంది. తేనెలో ఉండే ఒక రకం క్రిమి వలన ఏడాదిలోపు పిల్లలకు ప్రాణాపాయం కూడా కలుగవచ్చు.

ముర్రుపాలలో క్రిములను పట్టి నిలిపే రక్షక పదార్థాలు నిండుగా ఉంటాయి. ఇందులో ఒక అద్భుతం ఉంది. తల్లి పేగు ఏ క్రిములను ఎదుర్కొన్నదో, వాటికి సరిపోయే రక్షణ ఆమె పాలలోకి చేరుతుంది. ఎడపల్లి తల్లి పాలలో ఎడపల్లి క్రిములకు విరుగుడు ఉంటుంది. ఏ డబ్బాలోనూ అది దొరకదు. పాలలో మరొక రకం చక్కెర ఉంది. దానిని బిడ్డ జీర్ణించుకోలేడు. మరి ఎందుకున్నది? బిడ్డ పేగులో స్థిరపడే మేలుచేసే సూక్ష్మజీవులకు అది ఆహారం. అవి బలపడితే చెడ్డవాటికి చోటుండదు. తల్లి పాలు బిడ్డకూ పెడతాయి, బిడ్డను కాచే కావలివారికీ పెడతాయి.

బక్కపలచని తల్లి పాలలో బలం ఉండదన్న మాట తప్పు. తన ఒంటిని కరిగించుకొని అయినా ఆమె శరీరం మంచి పాలే ఇస్తుంది. కొన్ని విటమిన్లు మాత్రం ఆమె తిండిని బట్టి తగ్గుతాయి. కనుక పాలు మాన్పించడం పరిష్కారం కాదు, తల్లికి పెట్టడం పరిష్కారం.

2019–21 సర్వేలో తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లి పాలు అందిన బిడ్డలు నూటికి 37 మందే. కాన్పులలో నూటికి 60కి పైగా ఆపరేషనుతోనే జరుగుతున్నాయి. ఆపరేషనైన తల్లి కూడా గంటలోపు పాలివ్వగలదు. పక్కన ఎవరైనా ఉండి బిడ్డను రొమ్ముకు పట్టించాలి, అంతే. తోడుగా వెళ్లే తల్లి, అత్త ఈ సంగతి నర్సమ్మను అడిగి చేయించాలి. ఆరు నెలలు నిండేవరకు తల్లి పాలు తప్ప చుక్క నీరు కూడా అవసరం లేదు. ఎండాకాలంలో కూడా అంతే.

వాకిట్లో పాకే బిడ్డ

ఏడో నెలకు బిడ్డ పాకడం మొదలుపెడతాడు. దొరికినదెల్లా నోట్లో పెట్టుకుంటాడు. వాకిట్లో కోళ్లు తిరుగుతాయి, రెట్ట వేస్తాయి. ఆఫ్రికాలోని జింబాబ్వేలో పరిశోధకులు పల్లె ఇండ్ల ముందు కూర్చొని, పసిపిల్లలు గంటల తరబడి ఏమేమి నోట్లో పెట్టుకుంటున్నారో రాసుకొన్నారు. కొందరు మట్టి తిన్నారు, కొందరు కోడి రెట్ట కూడా నోట్లో పెట్టుకున్నారు. అది వారి ఊరి కథ మాత్రమే అనుకోగలమా?

మరుగుదొడ్డి కట్టుకున్నాం గదా అనవచ్చు. నిజమే, 2014 తరువాత మన పల్లెల్లో దొడ్లు చాలా వచ్చాయి. కాని కొన్ని ప్రశ్నలు వేసుకుందాం. ఇంటిల్లిపాదీ వాడుతున్నారా, లేక ముసలివారు, మగవారు ఇంకా కాలువ గట్టుకే పోతున్నారా? పసిబిడ్డ మలాన్ని ఎక్కడ వేస్తున్నారు? "పాలు తాగే బిడ్డది, దానికేం దోషం" అని పెంటకుప్ప మీదనో, మోరీలోనో పడేస్తారు. పసిబిడ్డ మలంలో క్రిములు పెద్దవారి మలంలో కంటె తక్కువేమీ ఉండవు. దాన్ని కూడా దొడ్డిలోనే వేయాలి. సెప్టిక్ ట్యాంకు గొట్టం వీధి మోరీలోకి తెరిచి ఉన్నదా? ఉంటే మన ఇంటి మలం ఎదురింటి బిడ్డ వాకిట్లోకి పోతున్నది. కాలువ కింది ఊళ్లలో నేలలో నీరు పైకే ఉంటుంది. దొడ్డి గుంట పక్కనే బోరు వేస్తే గుంటలోని చెడు నీటిలో కలుస్తుంది.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. బంగ్లాదేశులోను, కెన్యాలోను, జింబాబ్వేలోను వేల మంది గర్భిణులను చేర్చుకొని పెద్ద పరీక్షలు చేశారు. ఇండ్లకు దొడ్లు కట్టించారు, చేతులు కడుక్కొనే ఏర్పాటు చేశారు, నీటికి మందు ఇచ్చారు. 2018, 2019లలో ఫలితాలు వచ్చాయి. బంగ్లాదేశులో పిల్లల విరేచనాలు తగ్గాయి. కాని ఈ ఏర్పాట్ల వలన మాత్రమే పిల్లల ఎత్తు ఎక్కడా పెరగలేదు. అదనపు ఆహారం ఇచ్చిన చోట ఎత్తు కొంచెం పెరిగింది. మన ఒడిశాలో చేసిన పరీక్ష ఫలితం 2014లో వచ్చింది. అక్కడ కూడా దొడ్లు కట్టించారు, చాలామంది వాడలేదు, పిల్లల ఆరోగ్యంలో తేడా కనబడలేదు.

అంటే శుభ్రత వ్యర్థమా? కాదు. సగం శుభ్రత చాలదని అర్థం. పది ఇండ్లలో నాలుగు ఇండ్లు శుభ్రంగా ఉంటే మిగిలిన ఆరిండ్ల క్రిములు ఆ నాలుగింటికీ వస్తాయి. ఈగకు ప్రహరీ గోడ అడ్డం కాదు. ఊరంతా కలిసి మారాలి. తిండి, శుభ్రత ఒకదాని వెంట ఒకటి రావాలి. చిల్లుకుండలో నీళ్లు పోయడం, నీళ్లు లేని కుండకు చిల్లు పూడ్చడం, రెండూ దాహం తీర్చవు.

ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో పాళెము వెలుపల గుంట త్రవ్వి మలాన్ని కప్పిపెట్టవలెనన్న ఆజ్ఞ ఉన్నదని మన సంఘస్థులకు తెలుసు. ఆ ఆజ్ఞ పాళెమంతటికీ ఇచ్చినది. ఒక్క గుడారం పాటిస్తే చాలదు.

ఆరో నెల గిన్నె

ఆరు నెలలు నిండగానే పాలతో పాటు మెత్తటి తిండి మొదలుపెట్టాలి. చాలా ఇండ్లలో పప్పు కట్టు, గంజి, చారు నీళ్లు పోస్తారు. బిడ్డ పొట్ట చిన్నది, నీళ్లతో నిండిపోతుంది. చెంచాలో నుండి జారిపోని చిక్కదనం ఉండాలి. అన్నం, పెసరపప్పు కలిపి మెత్తగా మెదిపి, నెయ్యో నూనెయో వేసి పెట్టండి. మెత్తగా ఉడికించిన ఆకుకూర, క్యారెట్టు కలపండి. గుడ్డు బాగా ఉడికించి మెదిపి పెట్టవచ్చు. అరటిపండు, జొన్న జావ, మక్క గట్క అన్నీ మంచివే. అప్పుడే వండినది అప్పుడే పెట్టండి. పొద్దున వండి సాయంత్రం పెట్టే బువ్వలో క్రిములు పెరిగి ఉంటాయి.

ఢాకా నగరపు మురికివాడలో బంగ్లాదేశు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని ఒకటి చెప్పుకోదగినది. బక్కచిక్కిన పిల్లల పేగులోని సూక్ష్మజీవులు వారి వయసుకు తగినట్లు ఎదగలేదని వారు గుర్తించారు. బిడ్డకు ఏడాదిన్నర వచ్చినా పేగులోని జీవులు నెలల పసికందువిలాగే ఉన్నాయన్న మాట. ఆ మేలుచేసే జీవులను పెంచే తిండి ఏదని వెతికారు. శనగపిండి, సోయాపిండి, పల్లీల ముద్ద, పచ్చి అరటికాయ కలిపిన ఆహారం పనిచేసింది. 2021లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఎక్కువ క్యాలరీలున్న మామూలు బలాహారం కంటె దీనితోనే పిల్లల బరువు బాగా పెరిగింది. అది కొలతలతో చేసిన ప్రత్యేక ఆహారం, ఇంట్లో అచ్చంగా అదే చేయమని కాదు. కాని ఆ నాలుగు వస్తువులూ మన కిరాణా కొట్లో, మన పెరట్లో దొరికేవే. ఖరీదైన డబ్బా పొడులలో బలమంతా ఉందనుకొనే మనకు ఇది ఆలోచించదగిన మాట. పల్లీలు పెడితే మెత్తగా నూరి కలపాలి. పలుకులుగా పెడితే గొంతుకు అడ్డం పడతాయి.

విరేచనాలైతే

1971లో బంగ్లాదేశు యుద్ధకాలంలో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీసు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని కాపాడారు. అదే ఈనాటి ఓఆర్ఎస్ ప్యాకెట్. ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో కలిపి చెంచాతో కొద్దికొద్దిగా తాగించాలి. ఆశా కార్యకర్త ఇచ్చే జింకు మాత్రలు విరేచనాలు ఆగినా 14 రోజులు వేయాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుండి ఆరు నెలల బిడ్డకు 10 మిల్లీగ్రాములు. తల్లి పాలు ఆపకూడదు, తిండి ఆపకూడదు. "పొట్టను ఎండబెట్టడం" వలన దెబ్బ తిన్న పేగు మానడం ఆలస్యమవుతుంది. కళ్లు గుంటలు పడినా, బిడ్డ తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా, మగతగా ఉన్నా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే రోటావైరస్ టీకా మరవకండి. హైదరాబాదులోనే తయారైన రోటావైరస్ టీకా కూడా ఈనాడు దేశమంతటా పిల్లలకు అందుతున్నది.

సంఘంగా మనం

మెదకు ప్రాంతంలో కరువు వచ్చినప్పుడు మిషనరీ పాస్నెట్ దొరగారు చర్చి కట్టే పని పెట్టి ఆకలిగొన్నవారికి తిండి దొరికేటట్లు చేశారని మనందరికీ తెలుసు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మహాదేవాలయం రాళ్లలో అన్నం మెతుకులు కూడా ఉన్నాయి. అటువంటి వారసత్వం గల సంఘాలకు ఈ పని కొత్తదేమీ కాదు.

స్త్రీల మైత్రి కూడికలో మన ఊరి గర్భిణులు ఎవరు, బాలింతలు ఎవరు అని ఒక పట్టీ రాసుకోవచ్చు. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో వారికి ఒక పూట అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు పెట్టే ఏర్పాటు ఉంది. పనికిపోయే తల్లి అక్కడికి పోలేకపోతే ఎట్లా అన్నది మైత్రి ఆలోచించాలి. ఇనుము మాత్రలు గర్భకాలంలో 180, ప్రసవం తరువాత 180 వేసుకుంటున్నదా అని అడగాలి. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతున్నదంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకొమ్మని చెప్పాలి. నాలుగో నెల తరువాత నులిపురుగుల మాత్ర గురించి నర్సమ్మను అడగమని గుర్తుచేయాలి.

అత్తగారలారా, మీ మాటకు ఇంట్లో ఉన్న బరువు డాక్టరు మాటకు లేదు. "అమ్మా, నువ్వు ముందు తిను" అని కోడలికి మీరు ఒక్కసారి అంటే ఆ ఇంటి ఆచారమే మారిపోతుంది. పురుషులారా, మోరీలోకి తెరిచిన గొట్టాన్ని గుంటలోకి మళ్లించడం మీ పని. కోళ్లకు గూడు కట్టడం, బిడ్డ పాకడానికి వాకిట్లో ఒక శుభ్రమైన చాప పరచి చుట్టూ అడ్డం పెట్టడం మీ పని. తాగునీటి కుండకు మూత, కాడ ఉన్న ముంత అందరి పని. నల్లా నీరు శుభ్రంగానే వచ్చినా, చేయి ముంచితే కుండలో చెడిపోతుంది.

మళ్లీ తూకం రోజు వస్తుంది. ఆ పది నెలల బిడ్డను మళ్లీ తక్కెడలో వేస్తారు. ఈసారి గీత కొంచెం పైకి లేచినా, లేవకపోయినా, ఆ తల్లిని నిందించకండి. రెండేండ్లు నిండేవరకు పేగుకూ ఎముకకూ సర్దుకొనే అవకాశం ఎక్కువ. అవ్వతో చెప్పండి, "నీ మాట నిజమే అవ్వా, తిన్నది ఒంటికి పట్టడం లేదు. పట్టేటట్లు చేద్దాం. ముందు తల్లికి పెడదాం. తరువాత వాకిలి ఊడుద్దాం. మన వాకిలే కాదు, పక్కింటి వాకిలి కూడా."